బ్రూక్లిన్‌లో అద్దెలు పెరుగుతున్న పేటకు మారాలా, వద్దా?

న్యూయార్క్‌లో ఉద్యోగం వచ్చి కొత్తగా దిగుతున్న తెలుగు కుటుంబాలు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న సందేహం ఇది. మాన్‌హటన్ అద్దె భరించలేం. న్యూజెర్సీ నుంచి రోజూ వచ్చిపోవాలంటే చిన్నపాపతో కష్టం. బ్రూక్లిన్ పేటలైన బుష్‌విక్‌లోనో బెడ్‌స్టై (బెడ్‌ఫర్డ్-స్టైవెసంట్)లోనో కొత్తగా బాగుచేసిన ఫ్లాట్ చూశాం, ఇల్లు నచ్చింది. ఆఫీసులో ఒకాయన ‘ఆ ఏరియా మంచిది కాదు’ అన్నారు. ఇంకొకరు ‘ఇప్పుడే తీసుకోండి, రెండేళ్లు పోతే అందదు’ అన్నారు. ఎవరి మాట వినాలి?

వెళ్లొచ్చు అనే నేను చెబుతాను. అయితే పేట పేరును చూసి కాకుండా, సంతకం పెట్టబోయే లీజును చూసి నిర్ణయించుకోండి. అద్దెలు వేగంగా పెరిగే చోట మొదటి ఏడాది అందరికీ బాగానే గడుస్తుంది. అసలు కష్టం రెండో లీజుతో, మూడో లీజుతో మొదలవుతుంది. ఆ వీధిలో తరాలుగా ఉన్నవాళ్లను ఖాళీ చేయిస్తున్న పెరుగుదలే నాలుగేళ్లకు మిమ్మల్నీ ఖాళీ చేయిస్తుంది. అప్పటికి పాప బడిలో చేరి, స్నేహితులను చేసుకుని ఉంటుంది. కాబట్టి ‘ఈ ఇంట్లో మూడో ఏడాది కూడా ఉండగలమా?’ అన్న ప్రశ్న దగ్గర మొదలుపెట్టండి.

ముందు ‘మంచిది కాదు’ అన్న మాట సంగతి చూద్దాం. మనవాళ్లలో ఈ మాట చాలా తేలికగా నోటికొస్తుంది. నిజం చెప్పాలంటే, చాలాసార్లు దాని అర్థం అక్కడ నల్లజాతివాళ్లు, లాటినోలు ఎక్కువగా ఉంటారనే. బెడ్‌స్టై అమెరికాలోని పేరున్న నల్లజాతి పేటల్లో ఒకటి. 1930ల్లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాల మ్యాపులు గీయించి, అప్పులివ్వడం ప్రమాదమనుకున్న చోట్లకు ఎర్ర రంగు వేసింది. బెడ్‌స్టైకి పడింది ఆ ఎరుపే. అలాంటి పేటల్లో ఇంటి అప్పు పుట్టడమే గగనమైంది. ఇళ్ల విషయంలో జాతి వివక్షను నిషేధించే కేంద్ర చట్టం 1968 దాకా రాలేదు. బుష్‌విక్ 1977 జులైలో నగరమంతా కరెంటు పోయిన రాత్రి లూటీలతో, మంటలతో బాగా దెబ్బతింది. ఆ తర్వాత కూడా అక్కడే ఉండిపోయి, ఇళ్లనూ చర్చిలనూ చిన్న చిన్న దుకాణాలనూ నిలబెట్టుకున్నవాళ్ల వల్లే ఈ రోజు మనం వెళ్లి ఫ్లాట్ చూసే పరిస్థితి వచ్చింది. 2010కీ 2020కీ మధ్య జనాభా లెక్కల్లో బెడ్‌స్టైలో నల్లజాతివారి సంఖ్య 20 వేలకు పైగా తగ్గింది. తెల్లవారి సంఖ్య 30 వేలకు పైగా పెరిగింది. ఎంత వేగంగా మారుతోందో ఆ రెండు అంకెలే చెబుతాయి.

భద్రత గురించి ఆలోచించవద్దని నేను అనను. చిన్నపిల్లలున్న ఇల్లు, రాత్రి షిఫ్టు నుంచి వచ్చే మనిషి ఉన్న ఇల్లు తప్పకుండా ఆలోచించాలి. కానీ ఆఫీసు కబుర్లతో కాదు. న్యూయార్క్ పోలీసులు ప్రతి వారం ఒక్కో స్టేషన్ పరిధిలో ఏ నేరాలు ఎన్ని జరిగాయో, నిరుటితో పోలిస్తే ఎలా ఉన్నాయో వెబ్‌సైట్‌లో పెడతారు. బెడ్‌స్టైకి 79, 81 స్టేషన్లు, బుష్‌విక్‌కి 83. అది చూసి, తర్వాత మీరే వెళ్లండి. బ్రోకర్ పిలిచిన శనివారం మధ్యాహ్నం ఒక్కటీ చాలదు. పని రోజు పొద్దున ఎనిమిదింటికి ఇంటి దగ్గరి రైలు స్టేషన్‌లో రైలెక్కి ఆఫీసు దాకా వెళ్లి చూడండి. రాత్రి పదిన్నరకు రైలు దిగి ఇంటి వరకు నడవండి. ఆ నడకలో మీ ఇద్దరికీ ఏమనిపించిందో అదే లెక్క. ఇంట్లో ఒకరు ధైర్యంగా ఉండి ఇంకొకరు భయపడుతుంటే, భయపడేవాళ్ల మాటకే ఎక్కువ విలువివ్వండి. ఒంటరిగా ఇంటికి రావాల్సింది వాళ్లే.

ఇక అద్దె దగ్గరికి వద్దాం. ఇక్కడ తీరిగ్గా ఆగాలి.

న్యూయార్క్‌లో దాదాపు 10 లక్షల ఇళ్లకు ‘రెంట్ స్టెబిలైజేషన్’ ఉంది. సాధారణంగా 1974కు ముందు కట్టి, ఆరు లేదా అంతకంటే ఎక్కువ ఫ్లాట్లున్న భవనాల్లో ఇవి ఉంటాయి. ఈ ఇళ్లకు అద్దె ఎంత పెంచాలో ఓనర్ నిర్ణయించడు, నగరంలోని అద్దెల బోర్డు ఏటా ఓటు వేసి నిర్ణయిస్తుంది. 2025 అక్టోబర్ నుంచి 2026 సెప్టెంబర్ దాకా మొదలయ్యే లీజులకు ఏడాదికైతే 3 శాతం, రెండేళ్లకైతే 4.5 శాతం అని తేల్చారు. లీజు ఏడాదికా, రెండేళ్లకా అన్నది మీ ఇష్టం. రెన్యువల్ మీ హక్కు. అలాంటి ఫ్లాట్ దొరికితే వంటగది కొంచెం పాతదైనా, కిటికీ వెనక గోడ కనిపించినా నేనైతే వదులుకోను. ఏ భవనాల్లో ఇవి ఉన్నాయో అద్దెల బోర్డు జాబితా పెట్టింది. ఆ భవనంలోని ప్రతి ఫ్లాటూ ఇందులోకి వస్తుందని మాత్రం అనుకోవద్దు. మీరు చూసిన ఫ్లాట్ గురించి ప్రత్యేకంగా అడిగి, లీజులో రాసి ఉందో లేదో చూడండి. ఇంట్లో చేరాక రాష్ట్ర హౌసింగ్ శాఖను అడిగితే ఆ ఫ్లాట్‌కు ఇంతవరకు నమోదైన అద్దెల చరిత్ర ఉచితంగా పంపుతారు. మధ్యలో అద్దె ఒక్కసారిగా గంతు వేసి ఉంటే కారణం అడగాలి.

మనసుకు బాగా నచ్చే ఇళ్లకే రక్షణ తక్కువ, ఇది ముందే తెలుసుకోండి. బెడ్‌స్టైలో చూడగానే ముచ్చటేసే రాతి మెట్ల బ్రౌన్‌స్టోన్ ఇళ్లలో సాధారణంగా రెండు, మూడు, నాలుగు వాటాలే ఉంటాయి. కాబట్టి స్టెబిలైజేషన్ సాధారణంగా వాటికి వర్తించదు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ‘గుడ్ కాజ్’ చట్టం ప్రకారం అద్దె విపరీతంగా పెంచితే కోర్టులో ప్రశ్నించవచ్చు. ధరల పెరుగుదలకు 5 శాతం కలిపిన అంకె, 10 శాతం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని దాటిన పెంపును అసమంజసంగా లెక్కిస్తారు. కానీ మొత్తం పదికి మించి ఇళ్లు లేని చిన్న ఓనర్లకు అది వర్తించదు. 2009 నుంచి వచ్చిన కొత్త భవనాలకూ 30 ఏళ్ల పాటు వర్తించదు. వర్తిస్తుందో లేదో లీజుతో పాటు ఒక నోటీసులో రాసివ్వాలి. సంతకానికి ముందు ఆ కాగితం చదవండి. కొత్త టవర్లలోనూ పన్ను రాయితీ తీసుకుని కట్టిన కొన్నింటిలో స్టెబిలైజ్డ్ ఇళ్లు ఉంటాయి. అడగడానికి మొహమాటపడొద్దు.

కొత్త టవర్లలో ఇంకో తిరకాసు ఉంది. ప్రకటనలో 2,750 డాలర్లని వేస్తారు. లీజులో 3,000 ఉంటుంది. పన్నెండు నెలల్లో ఒక నెల ఉచితం కాబట్టి సగటున 2,750 పడుతుందన్న మాట. మరుసటి ఏడాది పెంపును 3,000 మీద లెక్కేస్తారు, ఉచిత నెల పోతుంది. అద్దె 5 శాతమే పెంచారనుకున్నా 3,150 అవుతుంది. అంటే మీ చేతి నుంచి వెళ్లేది నెలకు 400 ఎక్కువ. మీ బడ్జెట్‌ను ఎప్పుడూ లీజులోని అంకెతోనే వేసుకోండి. 5 శాతం లేదా అంతకంటే ఎక్కువ పెంచాలన్నా, లీజు కొనసాగించనన్నా ఓనర్ ముందుగా రాతపూర్వకంగా చెప్పాలి. ఏడాది లోపు ఉన్నవాళ్లకు 30 రోజులు, రెండేళ్ల లోపు 60, ఆ పైన 90.

కొత్తగా వచ్చినవాళ్లకు క్రెడిట్ హిస్టరీ ఉండదు. నెల అద్దెకు 40 రెట్లు ఏడాది జీతం ఉండాలని ఇక్కడి ఓనర్లు చూస్తారు. 3,000 అద్దెకు 1,20,000 డాలర్ల జీతం కావాలి. లేకపోతే గ్యారంటర్‌ను, అంటే అద్దెకు పూచీ ఉండే మనిషిని అడుగుతారు, ఆయనకు 80 రెట్లు ఉండాలంటారు. టెన్షన్‌లో మనవాళ్లు చేసే పని, ఆరు నెలల అద్దె ముందే కట్టేస్తామనడం. కానీ 2019 చట్టం ప్రకారం మామూలు అద్దె ఇంటికి డిపాజిట్‌గా గానీ, అడ్వాన్స్‌గా గానీ ఒక నెల అద్దెకు మించి తీసుకోకూడదు. రుసుము తీసుకుని హామీ ఇచ్చే కంపెనీలున్నాయి, ఓనర్ వాటిని ఒప్పుకుంటాడేమో కనుక్కోండి. ఆఫర్ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్లు సిద్ధంగా ఉంచుకోండి. దరఖాస్తుకు, క్రెడిట్ తనిఖీకి 20 డాలర్లు దాటకూడదు. 2025 జూన్ 11 నుంచి బ్రోకర్ ఫీజు బ్రోకర్‌ను పెట్టుకున్నవాళ్లే కట్టాలి. ఓనర్ పెట్టుకున్న బ్రోకర్ మిమ్మల్ని నెల అద్దె ఫీజు అడిగితే, ఇవ్వనక్కర్లేదు. ఇల్లు చూడకుండా డబ్బు పంపమనే ఏ ప్రకటననైనా అక్కడికక్కడే వదిలేయండి.

ఇంటిని కూడా వెతికి చూడాలి. కొత్త టైల్స్, కొత్త ఫ్రిజ్ చూసి మురిసిపోకండి. నగర హౌసింగ్ శాఖ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొడితే ఆ భవనం మీద ఉన్న ఉల్లంఘనలన్నీ వస్తాయి. ‘సి’ తరగతివి తక్షణ ప్రమాదం ఉన్నవి. చలికాలంలో హీటింగ్ రాలేదన్న ఫిర్యాదులు ఏటా కనిపిస్తే ఆ ఓనర్‌ను నమ్మకండి. అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా, బయట 55 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే తగ్గితే పగలు ఇంట్లో 68 డిగ్రీలు ఉండేలా చూడడం ఓనర్ బాధ్యత. రాత్రి బయట ఎంతున్నా 62 ఉండాలి. ఆరేళ్ల లోపు పిల్లలుంటే మరీ జాగ్రత్త. 1960కు ముందు కట్టిన భవనాల్లో సీసం ఉన్న రంగులు ఉండే అవకాశం ఉంది. మారుతున్న పేటల్లో పక్క ఫ్లాట్లు ఖాళీ చేయించి పగలగొట్టి కట్టడం రోజూ జరిగేదే. ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతే మెదడుకే దెబ్బ. పిల్లలున్న సంగతి ఓనర్‌కు రాతపూర్వకంగా చెప్పండి, తనిఖీ చేయాల్సింది ఆయనే.

అద్దె తక్కువని నేలమాళిగకు మాత్రం వెళ్లకండి. 2021 సెప్టెంబర్ 1 రాత్రి ఐడా తుపాను వానకు ఈ నగరంలో నేలమాళిగ ఇళ్లలో 11 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది క్వీన్స్‌లోని వలస కుటుంబాలవాళ్లు. అది తలుచుకున్నప్పుడల్లా బాధేస్తుంది, డబ్బు మిగులుతుందని మనవాళ్లూ అలాంటి ఇళ్లు చూస్తుంటారు కాబట్టి.

రైలు ఒక్కటే ఉన్న పేటా, రెండు మూడు లైన్లున్న పేటా ఒకటి కావు. సొరంగం మరమ్మతుకు బ్రూక్లిన్, మాన్‌హటన్ మధ్య ఎల్ రైలును 15 నెలలు ఆపుతామని ప్రకటించాక, దాని మీదే ఆధారపడ్డ బుష్‌విక్, విలియమ్స్‌బర్గ్ జనం ఎంత కంగారుపడ్డారో ఇక్కడున్నవాళ్లకు గుర్తుంది. 2019 జనవరిలో ఆ ఆలోచన మానుకుని రాత్రిళ్లూ వారాంతాల్లో పని చేశారు. ఇంటి నుంచి నడిచే దూరంలో రెండో లైను ఉంటే నెలకు వంద డాలర్లు ఎక్కువైనా పెట్టొచ్చు.

ఎవరికి వద్దంటాను? అమ్మానాన్నలు ఆరు నెలల కోసం వచ్చి ఉండబోతుంటే, వాళ్లకు తెలుగు మాట్లాడే మనిషి, గుడి, కూరగాయల దుకాణం నడిచే దూరంలో కావాలంటే, క్వీన్స్‌లోని ఫ్లషింగ్, జాక్సన్ హైట్స్ చుట్టుపక్కలో, జెర్సీ సిటీ జర్నల్ స్క్వేరో చూడండి. జర్నల్ స్క్వేర్ నుంచి పాత్ రైలు నేరుగా మాన్‌హటన్‌కు వస్తుంది. పైగా నగరంలో నివసించేవాళ్లు రాష్ట్ర పన్నుకు అదనంగా ఆదాయం మీద దాదాపు 3 నుంచి 3.9 శాతం దాకా నగర పన్ను కడతారు. జెర్సీలో ఉండి న్యూయార్క్‌లో పనిచేసేవాళ్లకు ఆ నగర పన్ను లేదు. అయితే జర్నల్ స్క్వేర్ చుట్టూ కూడా టవర్లు లేస్తున్నాయి, అద్దెల కథ అక్కడా ఇదే. అక్కడ డిపాజిట్ నెలన్నర దాకా అడగొచ్చు.

బ్రూక్లిన్‌కే వెళ్తే, చేరిన మొదటి వారంలోనే పక్కింటివాళ్లకు మీ పేర్లు చెప్పండి. ఎండాకాలం సాయంత్రాలు అక్కడ పెద్దవాళ్లు మెట్ల మీద కూర్చుంటారు, పాటలు పెట్టుకుంటారు. అది వాళ్లు కొన్ని దశాబ్దాలుగా చేస్తున్న పని. శబ్దం ఎక్కువైందని మొదటి రోజే నగర ఫిర్యాదుల నంబరు 311కి ఫోన్ చేసే కొత్తవాళ్లున్నారు, అది నాకు తప్పుగా అనిపిస్తుంది. వెళ్లి ‘పాప నిద్రపోతోందండీ’ అని చెప్తే చాలామంది తగ్గిస్తారు. బ్లాక్ అసోసియేషన్ (వీధివాళ్ల సంఘం) మీటింగులకు వెళ్లండి. ఏ ఓనర్ హీటింగ్ ఇవ్వడు, ఏ బడిలో టీచర్లు బాగుంటారు అన్నది ఏ బ్రోకర్ కంటే వాళ్లకే బాగా తెలుసు. మీ పక్క ఫ్లాట్‌లోని పెద్దావిడను ఖాళీ చేయించడానికి నీళ్లు, హీటింగ్ ఆపుతున్నారని తెలిస్తే ఆవిడ పక్కన నిలబడండి. ఆ భవనంలో అద్దెదారుల సంఘం ఉంటే చేరండి. మీ వీసా ఏదైనా అద్దెదారుగా మీ హక్కులు మీవే.

చివరిగా, హెచ్‌-1బి మీద ఉన్నవాళ్లు అడగడానికి జంకే ప్రశ్న: ఉద్యోగం పోతే లీజు సంగతేంటి? కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులే ఉంటాయి, లీజు ఇంకా ఎనిమిది నెలలు మిగిలి ఉండొచ్చు. 2019 నుంచి న్యూయార్క్ చట్టం ప్రకారం మీరు ఖాళీ చేస్తే ఓనర్ ఆ ఇంటిని మళ్లీ అద్దెకివ్వడానికి నిజాయితీగా ప్రయత్నించాలి. కొత్తవాళ్లు వచ్చి ఆ అద్దె కట్టడం మొదలైతే మీ బాకీ ఆగుతుంది. నాలుగు లేదా అంతకంటే ఎక్కువ ఇళ్లున్న భవనమైతే సబ్‌లెట్‌కు, అంటే మీ ఫ్లాట్‌ను ఇంకొకరికి అద్దెకివ్వడానికి అనుమతి అడగొచ్చు, సరైన కారణం లేకుండా కాదనకూడదు. అడిగేది రిటర్న్ రసీదు ఉండే సర్టిఫైడ్ మెయిల్‌లో అడగండి, కాపీ దాచుకోండి. అద్దెలు పెరుగుతున్న పేటలో ఖాళీ ఫ్లాట్ త్వరగానే నిండుతుంది కాబట్టి, ఈ ఒక్క విషయంలో ఆ పెరుగుదల మీకే కలిసొస్తుంది.