నల్లగా వచ్చిందని మురిసిపోకు

చిత్తూరు

అమ్మాయ్,

మామయ్య ఆశీస్సులు. రాగి రేకును గాల్లోనే 500 డిగ్రీల దగ్గర కాల్చానని, కాటుకలా నల్లగా వచ్చిందని, ఇక దాని బ్యాండ్ గ్యాప్, అంటే అది వెలుగును తాగడానికి కావాల్సిన కనీస శక్తి, తీయడమే మిగిలిందని రాశావు. నీ తొందర చూసి నవ్వొచ్చింది. నేనూ ల్యాబ్‌లో చేరిన కొత్తల్లో అంతే.

ఆ నలుపులో కొంత మోసం ఉంది. కాపర్ ఆక్సైడ్ వెలుగును బాగానే తాగుతుంది. కానీ కాల్చినప్పుడు దాని మీద మొలిచిన నీ నానోవైర్లు, ఆ అతి సన్నటి ఆక్సైడ్ తీగలు, నారుమడిలా ఒత్తుగా లేచి ఉంటాయి. లోపలికి దూరిన వెలుగు వాటికీ వీటికీ తగిలి తగిలి అక్కడే అయిపోతుంది. ఎంత నలుపు పదార్థానిది, ఎంత ఆ గుబురుది అని అడిగితే ఏం చెబుతావు? వైవాలో అడుగుతారు.

పైగా వెలుగును కొలిచే యంత్రం చూసేది వైర్లను మాత్రమే కాదు. రాగి మీద ఎర్రటి క్యూప్రస్ ఆక్సైడ్, దాని మీద నల్లటి క్యూప్రిక్ ఆక్సైడ్, ఆపైన వైర్లు. ఎర్రదాని గ్యాప్ 2.1 ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టుపక్కల. నల్లదానికి ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు, 1.2 నుంచి 1.9 దాకా. అందుకే ముందు ఎక్స్‌ఆర్‌డి, అంటే ఏ పదార్థం ఉందో ఎక్స్‌రేలతో చూసే పరీక్ష, తీయించు. గ్రాఫ్‌లో 35.5, 38.7 డిగ్రీల దగ్గరి పీక్‌లు నల్లదానివి. 36.4 దగ్గర ఇంకోటి తల ఎత్తితే అది అడుగున ఉన్న ఎర్రది. ఫర్నేస్ ఆపగానే తలుపు తీయకు. నేను ఒకసారి తీస్తే టప్‌మని చప్పుడు, పొర అప్పడంలా పగిలి ఊడిపోయింది. కాల్చేముందు రేకును పల్చటి యాసిడ్‌తో కడగడం మాత్రం మానకు, మీ అమ్మమ్మ రాగి చెంబుకు చింతపండు రుద్దినట్టే.

ఇప్పుడు అసలు సంగతి. రేకు గుండా వెలుగు పోదు కాబట్టి ఇంటిగ్రేటింగ్ స్పియర్ అనే లోపల తెల్లటి గోళం పెట్టి డిఫ్యూజ్ రిఫ్లెక్టెన్స్, అంటే అన్ని వైపులకూ చెదిరి వెనక్కి వచ్చే వెలుగు, కొలుస్తావు. నల్లదాని గ్యాప్ 1.4 అనుకుందాం. అది ఏ తరంగదైర్ఘ్యం దగ్గర పడుతుందో చూడాలంటే 1240ని 1.4తో భాగించు, 886 నానోమీటర్లు. చాలా యంత్రాలు డిటెక్టర్ మార్చుకునేది కూడా దాదాపు అక్కడే, 800, 900 మధ్య. గ్రాఫ్‌లో చిన్న మెట్టు పడుతుంది. ఆ మెట్టునే బ్యాండ్ ఎడ్జ్, అంటే పదార్థం వెలుగును తాగడం మొదలెట్టే చోటు, అనుకుని నేను రెండు నెలలు సంబరపడ్డాను. చివరికి ఉత్త బేరియం సల్ఫేట్ తెల్లపొడి పెట్టి స్కాన్ చేస్తే అక్కడా అదే మెట్టు! ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆ కొలతల నుంచి గ్యాప్ తీసే గ్రాఫే టాక్ ప్లాట్. దాన్ని గ్యాప్ డైరెక్ట్ రకం అని గీస్తే ఒక నంబర్, ఇండైరెక్ట్ అని గీస్తే ఇంకోటి వస్తుంది. నచ్చింది ఏరుకోకు, రెండూ రాసి ఏది ఎందుకు తీసుకున్నావో చెప్పు. గ్యాప్ కాస్త ఎక్కువగా వస్తే క్వాంటం కన్‌ఫైన్‌మెంట్ (వస్తువు మరీ చిన్నదైతే గ్యాప్ పెరగడం) అని రాసెయ్యడం ఒక ఫ్యాషన్ అయిపోయింది. 50 నానోమీటర్ల లావు వైరుకు ఆ మాట అంత తేలిగ్గా అతకదు.

రామన్, అంటే లేజర్ వేసి చెదిరిన వెలుగుతో పదార్థాన్ని గుర్తుపట్టే పరీక్ష, తీసేటప్పుడు లేజర్ పవర్ బాగా తగ్గించు. వైర్లు సన్నవి, ఇట్టే వేడెక్కుతాయి. 298 cm⁻¹ దగ్గర రావాల్సిన పీక్ ఎడమకు జరిగి వెడల్పయితే కొత్తది కనిపెట్టావని కాదు, కాల్చావని అర్థం.

శనివారం చిత్తూరు బస్సెక్కితే తెల్లపొడి స్కాన్ కాగితం కూడా తీసుకురా. రేకు ముక్కను పేపర్లో చుట్టి తేవద్దు, వైర్లన్నీ పేపరుకే అంటుకుంటాయి.

మీ మామయ్య