తలలో గోల తగ్గాలంటే: నాకు పనిచేసినవి

బొమ్మ వేద్దామని కూర్చున్న పది నిమిషాలకే ఎక్కడెక్కడి ఆలోచనలో ముసురుకుంటున్నాయి, ఆటలో కీలకమైన పాయింట్ దగ్గరా ఇదే తంతు, మనసుని ఖాళీ చేయడం ఎలా అని అడిగారు. నేను పదకొండేళ్లుగా పెన్సిల్‌తో ముఖాలు గీస్తున్నాను, వారానికి నాలుగు రోజులు బ్యాడ్మింటన్ ఆడతాను. రెండు చోట్లా ఈ బాధ పడినదాన్నే కాబట్టి రాస్తున్నాను.

ముందుగా, 'ఖాళీ చేయాలి' అన్న పట్టుదల వదిలేయండి. నేను కొన్నేళ్లు దానితోనే కుస్తీ పట్టాను. కళ్లు మూసుకుని ఏమీ ఆలోచించకూడదని గట్టిగా అనుకునేదాన్ని. ఆలోచన వచ్చిందా లేదా అని లోపల ఒకరు కాపలా కాస్తూనే ఉండేవారు, ఆ కాపలాయే అన్నిటికన్నా పెద్ద గోల. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు కొంతమందిని ఐదు నిమిషాలపాటు తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దన్నారు, గుర్తొస్తే గంట కొట్టమన్నారు. గంట మోగుతూనే ఉంది. తర్వాత 'ఇప్పుడు తలుచుకోండి' అన్నప్పుడు, మొదటినుంచీ తలుచుకోమన్న వాళ్లకంటే వీళ్లకే అది ఎక్కువసార్లు గుర్తొచ్చింది. ఇది చదివాక నా మనసు మీద కోపం పోయింది. నేను దానికి చెప్పిన పనే అలాంటిది మరి.

బొమ్మ వేసేటప్పుడు వచ్చే ఆలోచనల్లో సగం పెండింగ్ పనులే. అందుకే పెన్సిల్ పట్టేముందు పక్కన ఒక కాగితం పెట్టుకుని తలలో ఉన్నవన్నీ రాసేస్తాను. మొదట్లో ఉత్త జాబితా రాసేదాన్ని, పెద్దగా తేడా రాలేదు. ఎప్పుడు, ఎలా చేస్తానో కూడా రాయడం మొదలుపెట్టాక తేడా తెలిసింది. 'బ్యాంకు పని' అని రాస్తే అది మళ్లీ మళ్లీ తలుపు తడుతుంది. 'రేపు పదింటికి ఫోన్ చేసి ఏ కాగితాలు కావాలో అడుగుతాను' అని రాస్తే ఊరుకుంటుంది. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే చూపించారు: మిగిలిపోయిన పని మధ్యమధ్యలో తలలోకి చొరబడకుండా ఉండటానికి అది పూర్తి కానక్కర్లేదు, దానికి స్పష్టమైన ప్రణాళిక ఉంటే సరిపోతుంది.

కాగితంతో తగ్గేది సగమే. మిగతా సగానికి పని చూపించాలి, అదీ ఇప్పుడు కళ్లెదుట ఉన్న పని. చెవి గీయడమే తీసుకోండి. 'చెవి' అనుకోగానే చెయ్యి తనకు అలవాటైన చెవిని గీసుకుపోతుంది, మనసుకి పనేమీ ఉండదు, ఊరేగడానికి వెళ్తుంది. అందుకని నేను చెవిని చూడను. చెవి అంచుకీ జుట్టుకీ మధ్య మిగిలిన ఖాళీని చూస్తాను. పైన కాస్త వెడల్పు, మధ్యలో చిన్న నొక్కు, కిందికి వచ్చేసరికి సూది మొన. ఆ ఆకారానికి పేరు లేదు. పేరు లేనిదాన్ని గీయాలంటే చూస్తూనే ఉండాలి. ఆ చిన్న ఖాళీ దగ్గర నాకు అరగంట గడిచిన రోజులున్నాయి. గోల ఆగిపోయిందని కూడా తర్వాతెప్పుడో తెలుస్తుంది. మీరు దేని బొమ్మ వేసినా ఇలాంటి మూల ఒకటి దొరుకుతుంది, అక్కడినుంచి మొదలుపెట్టండి.

ఆటలో అంత తీరిక ఉండదు. ఒకసారి 19-20 దగ్గర నా సర్వీస్. 'నెట్‌కి తగలకూడదు' అనుకున్నాను. సరిగ్గా నెట్‌కే కొట్టాను, గేమ్ పోయింది. మళ్లీ ఆ తెల్ల ఎలుగుబంటే. ఇప్పుడు సర్వీస్‌కి ముందు ఒకసారి నెట్‌కి వీపు తిప్పి, పీల్చినదానికంటే నిదానంగా ఊపిరి వదులుతాను. అలా వదిలితే గుండె వేగం కొంచెం తగ్గుతుంది. తర్వాత షటిల్ ఈకని రెండు వేళ్లతో పట్టుకుని, నెట్ పైనున్న తెల్ల టేపు మీద అది దాటాల్సిన చోటు ఒక్కటే చూస్తాను. చూపు నిలిచాకే చెయ్యి కదలాలి. కెనడాకు చెందిన పరిశోధకురాలు జోన్ వికర్స్ 1990లలో గోల్ఫ్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల కంటి కదలికలను పరిశీలించి, బాగా ఆడేవాళ్ల చూపు షాట్‌కు ముందు లక్ష్యం మీద ఎక్కువసేపు నిలుస్తుందని గమనించారు. దాన్ని 'క్వైట్ ఐ' అంటారు. మణికట్టు ఎలా తిప్పాలి, మోచెయ్యి ఎక్కడుండాలి అన్నవి ప్రాక్టీస్‌లో చూసుకోండి. పాయింట్ మధ్యలో వాటి గురించి ఆలోచిస్తే వచ్చిన షాట్ కూడా బిగుసుకుపోతుంది.

పాయింట్ పోయాక వచ్చే తిట్లున్నాయి కదా, 'ఛ, మళ్లీ అదే తప్పు' లాంటివి, వాటితో వాదించకండి. రానివ్వండి, చూపు మాత్రం మళ్లీ టేపు మీదికి తెచ్చుకోండి. ఒక్క గేమ్‌లో ఇరవై సార్లు తెచ్చుకోవాల్సి రావచ్చు. అన్నిసార్లు తెచ్చుకోవడమే సాధన, అది విఫలమైనట్టు కాదు.

నిద్ర చాలని రోజున ఇవేవీ నాకు సరిగ్గా పనిచేయవు, ఆ రోజు తేలికపాటి షేడింగ్‌తో సరిపెడతాను. మీకు రోజంతా, వారాల తరబడి ఆలోచనలు ఆగకుండా నిద్ర కూడా పట్టకపోతుంటే మాత్రం ఇలాంటి చిట్కాల మీద ఆధారపడకుండా డాక్టర్‌తో మాట్లాడండి.

ఇంకొకటి, దీన్ని మొదటిసారి మ్యాచ్‌లో ప్రయత్నించకండి. నేను రెండు నెలలు, వెళ్లిన ప్రతిసారీ ఎవరూ లేనప్పుడు ముప్పై సర్వీస్‌లు టేపునే చూస్తూ కొట్టాను. ఆ తర్వాత ఒక మ్యాచ్‌లో చూపు తనంతట తానే అక్కడికి వెళ్లింది. ఆ సర్వీస్‌కి స్కోరెంతో నాకు గుర్తులేదు, గేమ్ అయిపోయిందని నా డబుల్స్ పార్ట్‌నర్ వచ్చి చెప్తే తెలిసింది.