పింఛను వస్తే ఆయుష్మాన్ కార్డు ఇవ్వరా?

మీ నాన్నగారికి 71 ఏళ్లు, పింఛను వస్తోంది కాబట్టి కార్డు రాదని బెంగళూరు మారతహళ్లిలోని మీ పక్కింటాయన అన్నారని రాశారు. ఆ మాట పట్టించుకోకండి. 2024 అక్టోబరులో మొదలైన ఆయుష్మాన్ వయ వందన కార్డుకు (పెద్దలకు ఉచిత వైద్యానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే కార్డు) 70 నిండితే చాలు, ఆదాయం అడగరు. వయసుకు ఆధార్ కార్డే ప్రమాణం. అందులో పుట్టిన తేదీ తప్పుంటే ముందు అది దిద్దించండి.

ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఉచిత వైద్యం. అమ్మగారికీ 70 దాటితే ఇద్దరికీ కలిపే ఆ 5 లక్షలు. పాత షుగరు, గుండెజబ్బు ఉన్నా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ఆసుపత్రిలో చేరితేనే సుమా, నెలనెలా కొనే మాత్రలకు కాదు. ప్రైవేటు పాలసీ ఉన్నా ఇబ్బంది లేదు. సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పింఛనుదారుల వైద్య పథకం) ఉంటే మాత్రం రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి.

మా అత్తగారి వేలిముద్రలు అంట్లు తోమి తోమి అరిగిపోయాయి. కార్డు చేయించేటప్పుడు వేలిముద్రల యంత్రం నాలుగుసార్లు కాదంది, చివరికి ఓటీపీతో పనైంది. ఆధార్‌కు జోడించిన ఫోను వెంట తీసుకెళ్లండి.

చేర్చే ముందు ఆ ఆసుపత్రి పథకంలో ఉందా, మీకు కావలసిన విభాగం కూడా ఉందా అని 14555కు ఫోను చేసి అడగండి.