గుళ్ళు, బౌద్ధ స్తూపాలు ఒకే ప్రయాణంలో చూడొచ్చా? నల్లగొండ నుంచి నా అనుభవం

హైదరాబాద్ నుంచి కారులో రెండు రోజులు వస్తున్నామని, మీ అమ్మగారికి పాత గుళ్ళు చూడాలని, మీకేమో బౌద్ధ స్థలాలు చూడాలని ఉందని రాశారు. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయన్నారు. ఇద్దరి కోరికా ఒకే ప్రయాణంలో తీరుతుందా అని అడిగారు. తీరుతుంది. ఎవరి రోజు వాళ్ళకని విడదీసుకోవాల్సిన పని లేదు. నేను నల్లగొండలో సోషల్ టీచర్‌ని. మా అత్తమ్మతో, మా బాపుతో, బడి పిల్లలతో ఈ దారిలో చాలాసార్లు తిరిగాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం అమ్మగారికి చెప్పండి. క్రీ.శ. 3వ శతాబ్దంలో కృష్ణ ఒడ్డున, ఇప్పటి నాగార్జునకొండ లోయలో, విజయపురి రాజధానిగా ఇక్ష్వాకు రాజులు ఏలారు. ఆ వంశానికి మొదటి రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు, కార్తికేయుడి భక్తుడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ అదే ఊళ్ళో బుద్ధుడికి మహాచైత్యం కట్టించింది. అన్న యజ్ఞం చేశాడు, చెల్లె స్తూపం కట్టించింది, ఇల్లు మాత్రం ఒక్కటే. మొదటిసారి వెళ్ళినప్పుడు మా అత్తమ్మ "మనకెందుకు ఆ బౌద్ధులవి" అని కారులోనే కూర్చుంది. ఈ ముచ్చట చెప్పాక దిగి, నాకంటే ముందు నడిచింది. అందుకే అంటున్నాను, మీ ఇంట్లో ఉన్న ఈ తేడా ఈ నేలకు కొత్త కాదు.

ఇక దారి. చాలామంది నేరుగా నాగార్జునసాగర్ వెళ్ళి వెనక్కి వచ్చేస్తారు. నేనైతే ఫణిగిరితో మొదలుపెట్టమంటాను. ఇది సూర్యాపేట జిల్లాలో ఉంది. సూర్యాపేట నుంచి జనగామ పోయే రోడ్డు మీద అర్వపల్లి దాటాక వస్తుంది. చీకటితోనే బయలుదేరండి, ఎండ ముదరక ముందే గుట్ట ఎక్కాలి. పడగ ఎత్తిన పాములా కనిపిస్తుందని ఆ గుట్టకు ఆ పేరు. పైన మహాస్తూపం, చైత్యగృహాలు (పూజ చేసుకునే మందిరాలు), బౌద్ధ భిక్షువులు ఉన్న విహారాల గదుల పునాదులు ఉన్నాయి. రాళ్ళు, ఇటుకలు తప్ప ఏమీ లేవే అని మొదట అనిపిస్తుంది. కాసేపు కూర్చోండి. ఒక్కొక్క గది ఎంత చిన్నదో, వర్షాకాలం మూడు నెలలు ఒకే చోట ఉండే భిక్షువు అందులో ఎలా పడుకుని ఉంటాడో ఊహించుకోండి. నేను పిల్లలను ఒక గదిలో ఐదుగురిని నిలబెట్టి చూపిస్తాను, వెంటనే అర్థమవుతుంది.

ఈ గుట్టను 1941లోనే నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ గుర్తించి తవ్వింది. తర్వాత చాలా ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. 2001 తర్వాత మళ్ళీ తవ్వినప్పుడు చెక్కడాలతో నిండిన తోరణం ముక్కలు దొరికాయి. ఆ తోరణం 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాకా వెళ్ళింది. 2024 మార్చిలో ఇక్కడే ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. ఒకవైపు ఏనుగు బొమ్మ, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు, అంటే నాలుగు కొసల్లో గుండ్రాలున్న కూడిక గుర్తు. ఇంత సొమ్ము ఒక గుట్ట మీది విహారానికి ఎలా చేరిందని పిల్లలు అడుగుతారు. వర్తకుల బాటలు ఇటుగానే పోయేవి. వాళ్ళు మొక్కు చెల్లించినట్టు దానాలు ఇచ్చేవాళ్ళు. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడు ఏలుబడికి వచ్చిన 18వ ఏట, రాజ్యంలోని పెద్ద వైద్యుడు ఒకాయన ఇక్కడ ధర్మచక్ర స్తంభం నిలిపించాడని శాసనం చెబుతోంది. డాక్టరు నిలిపించిన స్తంభమని చెబితే మా పిల్లలు దాన్ని మరిచిపోరు.

మంచి శిల్పాలు చాలావరకు భద్రత కోసం మ్యూజియాలకు తరలించారు. అందుకని పైన బుద్ధ విగ్రహాలు కనిపిస్తాయని ఆశ పెట్టుకోవద్దు. అయినా మీరు ఒక్క చోటే చూడగలమంటే నేను ఫణిగిరే చెబుతాను. సాగర్‌లో మీరు చూసేవాటిలో చాలా రాళ్ళు వేరే చోటి నుంచి తెచ్చి పేర్చినవి. ఇక్కడివి మాత్రం పుట్టిన మట్టిలోనే ఉన్నాయి. అమ్మగారు మెల్లగా, మధ్యలో కూర్చుంటూ ఎక్కాలి. మా అత్తమ్మకు అరవై ఎనిమిదో ఏట సాధ్యమైంది, కానీ పొద్దున్నే ఎక్కింది కాబట్టి. గుట్ట మీద నీడ లేదు. నీళ్ళ సీసాలు, గొడుగు, ఇంటి నుంచి సద్ది కట్టుకుపోండి. దగ్గర్లో మంచి హోటళ్ళు ఉంటాయని నమ్ముకోవద్దు.

దిగి సూర్యాపేట వైపు వస్తే పిల్లలమర్రి. కాకతీయులకు సామంతులైన రేచర్ల రెడ్లు కట్టించిన శివాలయాలు ఇవి. ఎరకేశ్వరాలయం 1208లో ఎరకసాని అనే ఆమె కట్టించింది. ఒక ఆడమనిషి పేరు మీద గుడి నిలవడం అమ్మగారికి నచ్చుతుంది. స్తంభాల మీద అద్దం లాంటి నునుపు ఉంది, దగ్గరికి పోయి చూడాలి. ఇక్కడ గంటన్నర చాలు. భోజనం సూర్యాపేటలో చేసి, సాయంత్రానికి నల్లగొండకు వచ్చి పడుకోండి.

రెండో రోజు పొద్దున పానగల్లు. ఇది మా ఊరికి ఆనుకునే ఉంది. కుందూరు చోడులు ఇక్కడి నుంచి ఏలారు. ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద స్తంభం ఆకారంలో నీడ పడుతుంది. సూర్యుడు ఏ పక్కన ఉన్నా ఆ నీడ కదలదు. ఇది మాయ కాదు, లెక్క. ముందు మండపంలోని నాలుగు స్తంభాల మధ్య నుంచి, పక్కల నుంచి వచ్చే చెదిరిన వెలుతురు లోపలికి చేరేటప్పుడు ఆ స్తంభాల నీడలు కలిసి ఒక్క నీడగా కనబడతాయి. నేరుగా ఎండ పడదు కాబట్టి పొద్దు జరిగినా నీడ జరగదు. ఈ సంగతి చెప్పినా మా బాపు దండం పెట్టడం మానలేదు. తొమ్మిది వందల ఏళ్ళ కింద ఆ లెక్క తెలిసి రాళ్ళు నిలిపినవాళ్ళకు దండం పెట్టాలనే నేనూ అనుకుంటాను. మీ చేతిని గర్భగుడికి అడ్డంగా పెట్టి చూడండి, మీ నీడ గోడ మీద పడుతుందో లేదో. పూజారి గారిని అడిగి చేయండి.

కొంచెం దూరంలో పచ్చల సోమేశ్వరాలయం. డెబ్బై స్తంభాల పెద్ద మండపం, వాటి మీద రామాయణ భారత కథలు. అక్కడే చిన్న మ్యూజియం ఉంది. ఏలేశ్వరం నుంచి తెచ్చిన శిల్పాలు ఇక్కడ చూడొచ్చు. ఏలేశ్వరం అంటే సాగర్ నీళ్ళలో మునిగిన ఊరు. ఈ మ్యూజియం చూసి సాగర్ వెళితే ఏమి మునిగిందో మనసుకు తెలుస్తుంది, అందుకే పానగల్లును ముందు పెట్టాను.

ఇంకొకటి. పక్కనే ఉన్న ఉదయసముద్రం చెరువు కట్ట మీద ఐదు నిమిషాలు నిలబడండి. పుట్టంగండి దగ్గర సాగర్ నీళ్ళను ఎత్తిపోసి, అక్కంపల్లి మీదుగా ఈ చెరువుకు తెస్తున్నారు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగిపోయిన జిల్లా మాది. ఇప్పుడు మా నల్లగొండ ఈ నీళ్ళే తాగుతోంది. అంటే శాంతిశ్రీ కట్టించిన మహాచైత్యం ఉన్న లోయను ముంచిన నీళ్ళే ఛాయా సోమేశ్వరుడి పక్కకు వచ్చి నిలుచున్నాయి. ఈ మాట చెబుతున్న ప్రతిసారీ నాకు గొంతు పట్టుకుంటుంది.

పది గంటలకల్లా సాగర్ బయలుదేరండి. నాగార్జునకొండకు లాంచీ తెలంగాణ వైపు నుంచి కాదు, అవతలి ఒడ్డున ఆంధ్రలోని విజయపురి సౌత్ నుంచి దొరుకుతుంది. డ్యాం కింది వంతెన దాటి వెళ్ళాలి. నెహ్రూ గారు 1955 డిసెంబర్ 10న ఈ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. లోయ మునుగుతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖవాళ్ళు తవ్వి, ముఖ్యమైన కట్టడాలను రాయి రాయిగా ఎత్తి కొండ మీద, ఒడ్డున అనుపులో మళ్ళీ పేర్చారు. ఇప్పుడు కొండ ఒక దీవి. మ్యూజియం విహారం ఆకారంలో ఉంది, లోపలి సున్నపురాతి పలకల మీద జాతక కథలు, అంటే బుద్ధుడి పూర్వజన్మల కథలు, అమ్మగారికి ఒక్కొక్కటి చదివి చెప్పండి. ఆ లోయలో అష్టభుజస్వామికి, పుష్పభద్రస్వామికి, కార్తికేయుడికి గుళ్ళు ఉండేవి. సింహళ భిక్షువుల కోసం వేరే విహారం కూడా ఉండేది.

శుక్రవారం మాత్రం వెళ్ళకండి. ఒకసారి నేను నలభై మంది పిల్లలతో శుక్రవారం బయలుదేరాను. మ్యూజియానికి ఆ రోజు సెలవు. మమ్మల్ని తీసుకెళ్ళిన ట్రావెల్స్ మనిషికి తెలిసి కూడా చెప్పలేదు, నేనూ ముందుగా అడగలేదు. పిల్లలు ఒడ్డునే కూర్చుని నీళ్ళు చూసి వచ్చారు. ఆ రోజు వాళ్ళ ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. గాలి ఎక్కువైనా, జనం చాలకపోయినా లాంచీ ఆలస్యమవుతుంది. పోయే లాంచీ ఎక్కేముందే తిరుగు లాంచీ ఎన్నింటికో అడిగి తెలుసుకుంటే టెన్షన్ ఉండదు. కొండకు పోవడం కుదరకపోతే అనుపుకు వెళ్ళండి. మెట్లు మెట్లుగా రాతితో కట్టిన పాత రంగస్థలం అక్కడుంది, కారు దగ్గరిదాకా పోతుంది, అమ్మగారికి అదే సుఖం.

తిరుగు దారిలో తెలంగాణ ఒడ్డున బుద్ధవనం. 274 ఎకరాల్లో కట్టి 2022 మేలో తెరిచారు. అమరావతి స్తూపం పోలికలో మహాస్తూపం, జాతక కథల తోట, శ్రీలంకలోని అవుకన బుద్ధుడి పోలికలో 27 అడుగుల విగ్రహం ఉన్నాయి. కొత్తది కాబట్టి వద్దని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఫణిగిరిలో పునాదులు మాత్రమే చూసినవాళ్ళకు స్తూపం నిలువెత్తున ఎలా ఉండేదో ఇక్కడే తెలుస్తుంది. సాయంత్రం ఎండ తగ్గాక వెళ్ళండి, మహాస్తూపం లోపల మాట్లాడకుండా కాసేపు కూర్చోండి.

లాంచీ వద్దనుకుంటే ఆ పూట మిర్యాలగూడ మీదుగా వాడపల్లి వెళ్ళండి. కృష్ణలో మూసీ కలిసే చోటు అది. లక్ష్మీనరసింహస్వామి గుడిలో రెండు దీపాలు వెలుగుతుంటాయి. స్వామి ముఖం ఎత్తులో ఉన్న దీపం రెపరెపలాడుతూ ఉంటుంది, కింది దీపం కదలదు. పైది స్వామి ఊపిరికి కదులుతోందని చెబుతారు. మా అత్తమ్మ అక్కడ ఎంతసేపు నిలబడిందో లెక్కలేదు. పక్కనే అగస్త్యేశ్వరాలయం కూడా చూడాలి.

ఒక్కరోజులో ఏడు స్థలాలు చూపిస్తామని ప్యాకేజీలు అమ్మేవాళ్ళున్నారు. ఒకసారి చిన్నమ్మ వాళ్ళను అలా పంపాను. వాళ్ళు ఇంటికొచ్చాక ఏ గుడి ఎక్కడ చూశారో చెప్పలేకపోయారు. మీరు నేను చెప్పినవాటిలో కూడా ఒకటి తగ్గించుకున్నా ఫరవాలేదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం రావొద్దు, ఫణిగిరి మీద రాళ్ళు కాళ్ళు కాలుస్తాయి. వానలు వెనకబడ్డాక, దసరా నుంచి సంక్రాంతి మధ్య రండి. లాంచీ ఎక్కే చోట, దిగే చోట మెట్లుంటాయి, అమ్మగారి చెయ్యి పట్టుకోండి. ఏ నెలలో వస్తున్నారో, అమ్మగారు ఎంత దూరం నడవగలరో ఇక్కడే రాయండి, రెండో రోజు లాంచీయా వాడపల్లా అన్నది చెబుతాను.