పాత సింగిల్స్ సంకలనం తలపెట్టిన మేనకోడలికి

విజయవాడ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మేమంతా ఇక్కడ క్షేమం. నువ్వు మిల్వాకీలో మరో ఇద్దరు స్నేహితులతో కలిసి చిన్న రికార్డు లేబుల్, అంటే పాటల రికార్డులు తెచ్చే సంస్థ, పెడుతున్నావని, 1977 నుంచి 1983 దాకా ఇల్లినాయ్, విస్కాన్సిన్ ఊళ్లలో వెలువడిన పవర్ పాప్ (గిటార్ల హోరుతో సాగే హుషారైన చిన్న పాటల) సింగిల్స్‌ను, అంటే వైపుకో పాట ఉండే చిన్న రికార్డులను, ఏరి ఒక ఎల్‌పీగా, అంటే పెద్ద రికార్డుగా, తేబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. దాచుకున్న డబ్బు కూడా అందులోనే పెడుతున్నావట. "అన్నయ్యా, అది నీ పిచ్చే, సెలవులకు వచ్చినప్పుడల్లా నువ్వు తెచ్చిన క్యాసెట్లే దాన్ని ఇంత చేశాయి, ఇప్పుడు నువ్వే నచ్చజెప్పు" అని నేరమంతా నా నెత్తిన వేసింది. నచ్చజెబుదామనే కాగితం తీశాను. కానీ నిజం చెప్పాలంటే, ఆ మాట విన్నప్పటి నుంచి నాకు భయం ఎంత పట్టుకుందో ఆనందమూ అంతే పట్టుకుంది. అందుకని వద్దని రాయలేకపోతున్నాను, ఎలా చేయాలో రాస్తున్నాను.

లేబుల్ పేరున విడిగా బ్యాంకు ఖాతా తెరవండి. ముగ్గురి వాటాలూ కాగితం మీద పెట్టుకోండి. ప్రతి ఖర్చుకూ రసీదు ఉంచండి. ఇవి నీకు చెప్పాల్సిన పని లేదు.

చెప్పాల్సినది నీ వీసా సంగతి. నీది ఇంకా హెచ్-1బీయే కదా? ఆ వీసా మీద ఉన్నవాళ్లు తమకు పిటిషన్ వేసిన సంస్థకు తప్ప మరెవరికీ పని చేయకూడదు. వ్యాపారంలో డబ్బు పెట్టడం వేరు, అదే వ్యాపారంలో కూర్చుని పని చేయడం వేరు. జీతం తీసుకోవడం లేదు కదా అన్న ఒక్క మాటతో ఆ తేడా చెరిగిపోదు. ఒప్పందాల మీద సంతకం ఎవరు పెట్టాలి, ఆర్డర్లు ఎవరు పంపాలి అన్నవి ఇమిగ్రేషన్ లాయరును అడిగి తేల్చుకున్నాకే మిగతా పనులు మొదలుపెట్టు. లాయరు ఫీజు దండగ అని మీ స్నేహితులు అంటారు, వాళ్లు అక్కడ పుట్టినవాళ్లు కాబట్టి. వాళ్లకు పోయేది డబ్బు ఒక్కటే, నీకు పోయేది నువ్వు అక్కడ ఉండే హక్కు. ఈ విషయంలో నేను ముసలివాడి చాదస్తం ప్రదర్శిస్తున్నానని నువ్వు అనుకున్నా ఫరవాలేదు.

ఇక పాటల దగ్గరికి వస్తాను. నువ్వు ఎంచుకున్న ఆ కొద్దిపాటి కాలం వినడానికి ఎంత బాగుంటుందో, హక్కుల లెక్కలో అంత చిక్కుముడి. 1979లో ది నాక్ బృందం "మై షరోనా" అమెరికాలో ఆరు వారాల పాటు మొదటి స్థానంలో నిలబడటంతో, పెద్ద కంపెనీలు సన్న టైలు కట్టి గిటార్లు పట్టిన కుర్రవాళ్ల కోసం ఊరూరా వెతకడం మొదలుపెట్టాయి. ఆ ఆశతో ప్రతి ఊళ్లోనూ నలుగురు కుర్రవాళ్లు చేరి, వేసవి పనుల్లో సంపాదించిన డబ్బుతో ఒక రాత్రికి స్టూడియో తీసుకుని, రెండు పాటలు రికార్డు చేసి, కొన్ని వందల ఏడంగుళాల సింగిల్స్ అచ్చు వేయించుకున్నారు. కంపెనీల మోజు త్వరలోనే తీరిపోయింది. ఆ కుర్రవాళ్లు తలా ఒక ఉద్యోగంలో చేరిపోయారు. సింగిల్ మీద కనిపించే లేబుల్ పేరు చాలామటుకు ఆ ఒక్క రికార్డు కోసం పెట్టుకున్నదే, కింద ఉన్న చిరునామా డ్రమ్మరు అమ్మానాన్నల ఇల్లు గానీ పోస్టాఫీసు పెట్టె గానీ అయి ఉంటుంది. ఇల్లినాయ్‌లోని జయాన్ ఊరి షూస్ బృందం వాళ్లు 1977లో ఇంట్లోనే నాలుగు ట్రాకుల యంత్రం మీద రికార్డు చేసుకుని, సొంతంగా విడుదల చేసుకుని, ఆ తరువాత ఎలెక్ట్రా కంపెనీకి వెళ్లారు. అదే రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్ నుంచి వచ్చి పెద్ద పేరు తెచ్చుకున్న చీప్ ట్రిక్ బృందం సంగతి సరేసరి. అటువంటివాళ్ల కాగితాలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. నీ జాబితాలోని బృందాలకు కాగితాలే ఉండవు.

ఒక పాటకు రెండు హక్కులు ఉంటాయని నీకు తెలుసు, అయినా మరోసారి విను. రాసిన పాట మీద ఒకటి, ఆ పాటను పాడి వాయించి చేసిన రికార్డింగు మీద మరొకటి. "హ్యాంగింగ్ ఆన్ ద టెలిఫోన్" పాటను 1976లో ది నర్వ్స్ బృందం సొంత ఖర్చుతో తెచ్చుకున్న చిన్న రికార్డులో చేర్చింది. రెండేళ్ల తరువాత బ్లాండీ బృందం అదే పాటను మళ్లీ పాడినప్పుడు, పాట రాసిన జాక్ లీకి రచయితగా రాయల్టీ హక్కు వచ్చింది కానీ, నర్వ్స్ చేసిన రికార్డింగుకు ఆ లెక్కలో చోటే లేదు. నువ్వు వాడబోయేది పాత రికార్డింగునే కాబట్టి నీకు రెండు అనుమతులూ కావాలి. రాసిన పాటకైతే, అది ఒకసారి రికార్డుగా వెలువడి ఉంటే, పద్ధతి ప్రకారం ముందుగా నోటీసు ఇచ్చి చట్టం నిర్ణయించిన రేటు చెల్లించి వాడుకోవచ్చు. రికార్డింగుకు అటువంటి సౌకర్యం లేదు. దాని యజమాని కాదంటే కాదంతే.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో నీకు ఎప్పుడూ చెప్పలేదు. నేను పగలు చికాగోలో ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర లెక్కలు రాస్తూ, సాయంత్రాలు ఒక చిన్న లేబుల్ పద్దులు చూసిన రోజులవి. ఆ లేబుల్ పేరు వద్దు. యజమాని మంచివాడు, చెవి ఉన్నవాడు, నీలాగే ఆత్రగాడు. 1995లో అతను నీ సంకలనం లాంటిదే ఒకటి సీడీగా తెచ్చాడు. అందులో మొదటి పాటగా పెట్టుకున్న సింగిల్ కోసం ఎన్నాళ్లో వెతికి, చివరికి ఆ బృందంలో బేస్ వాయించిన మనిషిని పట్టుకున్నాడు. ఆ మనిషి ఇంటి బేస్‌మెంట్‌లో, బట్టలు ఉతికే యంత్రం పైనున్న అరలో అసలు రికార్డింగు టేపు పెట్టె ఉంది. పెట్టె మీద పాట పేరు, తేదీ, సొంత చేతిరాత. ఇంకేం కావాలి? ఆ సాయంత్రమే ఒక పేజీ కాగితం మీద సంతకం పెట్టించుకుని, చెక్కు ఇచ్చి, టేపు చంకన పెట్టుకుని వచ్చేశాడు. పాట ఎవరు రాశారని అడిగితే "అందరం కలిసే రాశాం" అని ఆ మనిషి చెప్పాడు. సీడీతో పాటు పెట్టె చిన్న పుస్తకంలో అలాగే అచ్చయింది.

రెండు వేల సీడీలు దుకాణాలకు వెళ్లాక లాయరు ఉత్తరం వచ్చింది. పాట రికార్డు చేసిన రాత్రి స్టూడియో బాకీ కట్టలేక, డబ్బు ముట్టేదాకా రికార్డింగు నీదేనని కుర్రవాళ్లు స్టూడియో యజమానికి రాసి ఇచ్చారట. డబ్బు ఎన్నటికీ ముట్టలేదు. బేస్ వాయించిన మనిషి మోసగాడు కాదు, తన దగ్గరున్న టేపు తనదేనని నిజంగానే నమ్మాడు. ఇంటి తాళంచెవి చేతిలో ఉన్నంత మాత్రాన పట్టా మన పేర ఉన్నట్టు కాదని ఆ గదిలో ఎవరికీ తోచలేదు. స్టూడియో యజమాని ఆ పాటలను తానే ఎప్పటికైనా విడుదల చేద్దామనుకుంటున్నాడు కాబట్టి, ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. ఇది చాలదన్నట్టు, ఆ పాట నిజానికి గిటార్ వాయించిన కుర్రవాడు ఒక్కడే రాసినదని, అతను పోయి అప్పటికే చాలా ఏళ్లయిందని, అతని భార్యకు ఎవరూ నోటీసు పంపలేదని తెలిసింది. చట్టం నిర్ణయించిన అప్పటి రేటు కాపీకి ఒక్కో పాటకు 6.6 సెంట్లు. రెండు వేల కాపీలకు 132 డాలర్లు. ఆవిడ అడిగింది ఆ 132 డాలర్లు, పుస్తకంలో భర్త పేరు.

సరుకు మొత్తం వెనక్కి పిలిపించాల్సి వచ్చింది. ఒక శనివారం గిడ్డంగికి నేనూ వెళ్లాను. హీటరు సరిగ్గా పనిచేయని ఆ గదిలో బల్ల చుట్టూ నిలబడి, ఒక్కొక్క సీడీ మీది ప్లాస్టిక్ కాగితాన్ని బ్లేడుతో కోసి, డిస్కు ఒక డబ్బాలో, పుస్తకం మరో డబ్బాలో వేశాం. ప్లాస్టిక్ పెట్టెలను మాత్రం మళ్లీ వాడుకోవచ్చని అట్టపెట్టెల్లో పేర్చి పెట్టాం. లేబుల్ యజమాని ఒక్క మాటా మాట్లాడలేదు. పద్దులో ఆ నెల నేను రాసిన వరుస నాకింకా కంఠస్థమే: వాపసు రవాణా, లాయరు, కొత్త డిస్కులు, కొత్త పుస్తకాలు. ఆ పాట తీసేసి మళ్లీ విడుదల చేస్తే, మొదటిసారి తీసుకున్న దుకాణాల్లో సగం కూడా తీసుకోలేదు. మరుసటి ఏడాది లేబుల్ మూతపడింది.

అందుకని, తల్లీ, ప్రతి పాటకూ రెండు వేర్వేరు కాగితాలు ఉండాలి. టేపు ఎవరి దగ్గర ఉందని అడిగే ముందు, ఆ రాత్రి స్టూడియోకు డబ్బు ఎవరు కట్టారని అడుగు. బతికున్న సభ్యులందరినీ విడివిడిగా అడుగు, జవాబులు కలవకపోతే ఆగిపో. కాపీరైట్ కార్యాలయం రికార్డులు వెతికించు. ఒప్పందంలో ఎన్ని కాపీలు, ఎన్నేళ్లు, ఏ దేశాలు, స్ట్రీమింగ్ ఉందా లేదా అన్నవి స్పష్టంగా రాయించు. కవరు మీద వేసే ఫోటోకు ఫోటోగ్రాఫరు అనుమతి విడిగా కావాలి. యజమాని ఎవరో తేలని పాట, అది లేకపోతే సంకలనమే లేదని నీకు అనిపించే పాటైనా సరే, వదిలెయ్యి. "చిన్న లేబుల్ కదా, ఎవరు పట్టించుకుంటారు" అని మీ ముగ్గురిలో ఎవరైనా అంటే, ఆ మనిషిని హక్కుల పని నుంచి తప్పించి అట్టపెట్టెలు కట్టే పనిలో పెట్టు.

టేపు దొరికితే, దయచేసి ఆత్రంగా యంత్రానికి ఎక్కించకు. ఆ కాలపు టేపుల్లో చాలావాటికి, ముఖ్యంగా ఆంపెక్స్ 456 రకానికి, పూతను పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చుకుని బంకగా మారుతుంది. అలాగే నడిపితే పూత ఊడి యంత్రం తలకు అంటుకుపోతుంది, దానితో పాటు పాటా పోతుంది. అలవాటున్నవాళ్ల చేత దాదాపు 54 డిగ్రీల వేడిలో గంటల తరబడి నిలకడగా కాచించి, వెంటనే నకలు తీయించు. వంటింటి ఓవెన్ జోలికి వెళ్లకు, నీ సంగతి నాకు తెలుసు.

టేపు లేకపోతే సింగిల్ నుంచే ఎత్తుకోవాలి. అమెరికా సింగిల్స్‌లో చాలావి వైనల్ కావు, స్టైరీన్‌తో పోసినవి, త్వరగా అరిగిపోతాయి. అందులోనూ రేడియోకు వెళ్లిన కాపీ అయితే, పాట ఎత్తుగడకు సరిగ్గా సూదిని నిలపడం కోసం డీజేలు రికార్డును ముందుకూ వెనక్కూ తిప్పి ఉంటారు కాబట్టి, మొదటి కొద్ది క్షణాల్లో నూనెలో ఏదో వేగుతున్నట్టు చప్పుడు వినిపిస్తుంది. పవర్ పాప్‌కు ప్రాణమంతా ఆ మొదటి గిటారు దెబ్బలోనే ఉంది కదా! "అమ్మకానికి కాదు" అన్న ముద్ర లేని దుకాణపు కాపీలు రెండు మూడు సంపాదించి, వాటిలో ఎత్తుగడ బాగున్నదాన్ని వాడు. నా దగ్గరున్నవాటిని అడగకు, ఇక్కడి ఉక్కపోతకు సగం కవర్లు బూజు పట్టాయి.

పాటల వరుస నీ ఇష్టం, కానీ ఎల్‌పీ ఒక వైపుకు ఇరవై నిమిషాలు దాటనీయకు. నిమిషాలు పెరిగేకొద్దీ చప్పుడు తగ్గించి రికార్డు మీద గాడి కోయాలి. గాడి లోపలికి పోయేకొద్దీ సకారాలూ డ్రమ్ముల పక్కన మోగే తాళాల మోతా చిరచిరమంటాయి కాబట్టి, వైపు చివర నెమ్మదైన పాట పెట్టు. మూడు నిమిషాల లోపు పాటలు రెండు వైపులా కలిపి పన్నెండో పద్నాలుగో పడతాయి, అంతకు మించి ఆశపడకు. అరుదైనది కాబట్టి చేర్చానని మాత్రం ఏ పాట గురించీ అనకు. ఎవరికీ దొరకని పాటల్లో సగం దొరక్కపోయినా నష్టం లేనివే. రైనో కంపెనీ 1997లో "పాప్‌టోపియా" పేరుతో పవర్ పాప్ సంకలనం మూడు భాగాలు తెచ్చింది, మీ పక్క చికాగోలోనే నూమెరో గ్రూప్ అనే లేబుల్ 2005లో "యెల్లో పిల్స్: ప్రీఫిల్" తెచ్చింది. అవి దగ్గర పెట్టుకుని, వాటిలో ఉన్నవాటిని నీ జాబితాలోంచి కొట్టెయ్యి.

కాపీలు వెయ్యి అనుకుంటున్నావట. అయిదు వందలు చాలు. రాసిన పాటకు 2025 రేటు 12.7 సెంట్లు కాబట్టి, పద్నాలుగు పాటలకు కాపీకి ఒక డాలరు 78 సెంట్లు, అయిదు వందలకు దాదాపు 890 డాలర్లు రచయితలకే పోతాయి. రికార్డింగుల వాళ్లకు ఇచ్చేది వేరు. డిస్ట్రిబ్యూటర్ సరుకు తీసుకోగానే అమ్ముడైపోయిందని లెక్క కట్టుకోవద్దు. దుకాణాలు నెలల తరువాత కూడా వెనక్కి పంపుతాయి. ఆ వాపసు చీటీలు రాసిన చేతులతోనే నీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. 1972లో మెంఫిస్ నుంచి బిగ్ స్టార్ బృందం తొలి రికార్డు వచ్చినప్పుడు పత్రికలు ఆకాశానికెత్తాయి. పంపిణీ చేయాల్సిన స్టాక్స్ కంపెనీ దాన్ని దుకాణాలకు చేర్చలేకపోయింది, ఆ పని కొలంబియా కంపెనీ చేతికి మారినా తీరు మారలేదు. చదివి కొనడానికి వెళ్లినవాళ్లకు రికార్డు దొరకలేదు. కాబట్టి మొదటి మూడు వందలు నువ్వే నేరుగా పోస్టులో అమ్ము, మిగిలినవి చికాగో, మిల్వాకీ, మాడిసన్ దుకాణాలకు చేతితో తీసుకెళ్లి ఇవ్వు.

మొత్తం అచ్చు వేయకముందు విని చూడమని పంపే టెస్ట్ ప్రెస్సింగ్ వచ్చినప్పుడు మంచి యంత్రం మీదా చవక యంత్రం మీదా రెండు వైపులూ పూర్తిగా విను. ఒక వైపు విని సరేననకు.

ఒప్పందపు చిత్తుప్రతి తయారవగానే, ఎవరికీ పంపకముందు స్కాన్ చేసి నాకు పంపు. ఎర్ర సిరాతో గీతలు గీసి తిప్పి పంపుతాను, కోపం తెచ్చుకోకు. నాకు పది కాపీలు పక్కన పెట్టు. ఉచితంగా కాదు, పోస్టు ఖర్చుతో సహా బిల్లు పంపు, డబ్బు పంపుతాను. మీ అమ్మకు ఈ ఆదివారం నువ్వే ఫోన్ చేసి, ఎంత పెడుతున్నావో అంకెతో సహా చెప్పు. నా నోటి నుంచి వింటే అది ఇద్దరినీ తిడుతుంది.

ఇట్లు,
నీ మామయ్య