స్విచ్‌కే వాన్ లైను కలిపేటప్పుడు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోను, గిడ్డంగి విజయవాడలోను ఉన్నాయి. రెండింటి మధ్య 20 ఎంబీపీఎస్ ఈథర్‌నెట్ లీజు లైను (దూరపు కార్యాలయాలను కలిపే వాన్ లైను) తీసుకున్నాము. రెండు చోట్లా సిస్కో కాటలిస్ట్ 3750 స్విచ్‌లు ఉన్నాయి. వేరే రౌటర్ కొనకుండా లైనును నేరుగా స్విచ్‌కు కలపవచ్చునా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కలపవచ్చును. మీకు అందుతున్నది ఈథర్‌నెట్ కనుక, మూడవ లేయర్ పని, అంటే ఐపీ చిరునామాలను చూసి దారి చూపే పని, చేయగల స్విచ్‌కు అది మరొక పోర్టు మాత్రమే. ఇదే ఇంటర్నెట్ లైను అయితే నేను వద్దనేవాడిని, ఎందుకంటే లోపలి చిరునామాలను బయటి చిరునామాగా మార్చే నాట్ సదుపాయం 3750లో లేదు.

ముందుగా స్విచ్‌లో ‘ఐపీ రౌటింగ్’ ఆదేశం ఇవ్వాలి. ఈ శ్రేణిలో అది మొదట ఆపివేసి ఉంటుంది. దానిని ఆన్ చేసిన క్షణం నుంచి ‘ఐపీ డీఫాల్ట్ గేట్‌వే’ అని మీరు ఇదివరకు రాసుకున్న వరుసకు విలువ ఉండదు. అందువల్ల వేరే సబ్‌నెట్‌లో (వేరే చిరునామాల గుంపులో) కూర్చుని టెల్‌నెట్ ద్వారా దూరం నుంచి ఈ పని చేసేవారికి స్విచ్ మధ్యలోనే అందకుండా పోతుంది. కాబట్టి కన్సోల్ కేబుల్ దగ్గర పెట్టుకొని, 0.0.0.0కు డీఫాల్ట్ రూటు (వేరే దారి తెలియని ప్యాకెట్లు వెళ్లే దారి) వెంటనే ఇవ్వండి. తరువాత వాన్ పోర్టు మీద ‘నో స్విచ్‌పోర్ట్’ ఇచ్చి (దానితో ఆ పోర్టు రౌటర్ పోర్టులా ఐపీ చిరునామా తీసుకుంటుంది), రెండు కొసలకూ కలిపి ఒక /30 సబ్‌నెట్ కేటాయిస్తే చాలును. అందులోని నాలుగు చిరునామాలలో రెండే వాడుకోగలరు, మీకు కావలసినవీ రెండే. పక్క పరికరానికి స్విచ్ వివరాలు పంపే సీడీపీని ఆపే ‘నో సీడీపీ ఎనేబుల్’ కూడా చేర్చండి. మీ స్విచ్ మోడలూ సాఫ్ట్‌వేర్ వెర్షనూ సర్వీసు సంస్థకు చాటి చెప్పవలసిన పని లేదు.

ప్రశ్న: లైను 20 ఎంబీపీఎస్, పోర్టు గిగాబిట్. ఇంటర్‌ఫేస్ కింద ‘బ్యాండ్‌విడ్త్ 20000’ అని ఇచ్చాము. అయినా పెద్ద ఫైళ్లు పంపేటప్పుడు చెప్పిన వేగం రావడం లేదు, అదే సమయంలో ఐపీ ఫోన్లలో మాట తెగిపోతున్నది. లైనులోనే లోపం ఉన్నదా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: లైనును అనుమానించే ముందు ఆ ఆదేశాన్ని అనుమానించండి. ‘బ్యాండ్‌విడ్త్’ అనేది దారులను తామే ఎంచుకునే ఓఎస్‌పీఎఫ్, ఈఐజీఆర్‌పీ వంటి ప్రోటోకాల్స్ దారి ఖర్చు లెక్కకట్టుకోవడానికి ఇచ్చే అంకె మాత్రమే. అది ఒక్క ప్యాకెట్‌ను కూడా ఆపదు. మీ పోర్టు మాత్రం పంపేటప్పుడల్లా గిగాబిట్ వేగంతోనే పంపుతుంది. అవతల సర్వీసు సంస్థ పరికరం 20 ఎంబీపీఎస్‌కు మించిన ప్యాకెట్లను వరుసలో నిలబెట్టకుండా అక్కడికక్కడే పారవేస్తుంది. సగటున మీ వాడకం 12 ఎంబీపీఎస్ ఉన్నట్లు గ్రాఫులో కనిపించినా, ఒక్క సెకను లోపలే వచ్చే చిన్న ఉప్పెనలకు ఈ నష్టం జరుగుతుంది. ప్యాకెట్ పోయినప్పుడల్లా టీసీపీ తన వేగం తగ్గించుకుంటుంది, అందుకే ఫైలు నెమ్మదిస్తుంది. ఫోను మాటకు మళ్లీ పంపే అవకాశమే లేదు, అందుకే అది తెగుతుంది.

కనుక వేగాన్ని మీ వైపే తగ్గించి పంపాలి. కాటలిస్ట్ 9300 వంటి కొత్త స్విచ్‌లలో పాలసీ మ్యాప్ (ట్రాఫిక్ నియమాల జాబితా) రాసి ‘షేప్ యావరేజ్’ ఇవ్వవచ్చును. మీది 3560 గాని 3750 గాని అయితే ‘ఎస్ఆర్ఆర్ క్యూ బ్యాండ్‌విడ్త్ లిమిట్’ అనే ఆదేశం ఉన్నది, కాని అది పోర్టు వేగంలో 10 నుంచి 90 శాతం వరకే అంగీకరిస్తుంది. గిగాబిట్‌లో 10 శాతం అంటే 100 ఎంబీపీఎస్, కాబట్టి మీకు ఉపయోగం లేదు. పోర్టును 100 ఎంబీపీఎస్‌కు దించిన తరువాతే 20 శాతం అన్న మాటకు అర్థం వస్తుంది. హార్డ్‌వేర్ ఆ శాతాన్ని ఖచ్చితంగా పాటించదు గనుక, 18 దగ్గర మొదలుపెట్టి చూడమంటాను.

ఇక్కడొక చిక్కు. ‘స్పీడ్ 100’, ‘డూప్లెక్స్ ఫుల్’ (ఒకేసారి పంపడమూ అందుకోవడమూ) అని మీ వైపు మాత్రమే బిగించి, అవతలి పరికరం ఆటోలో ఉండిపోతే, అది వేగాన్ని కనుక్కోగలదు గాని డూప్లెక్స్‌ను కనుక్కోలేక హాఫ్‌కు (ఒకసారి ఒక దిశకే) పడిపోతుంది. మీ వైపు సీఆర్‌సీ తప్పులు (చెడిపోయి వచ్చిన ప్యాకెట్లు), అవతల లేట్ కొలిజన్లు (ఆలస్యంగా జరిగే ఢీకొట్లు) పెరుగుతుంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. ‘స్పీడ్ ఆటో 100’ అని ఇస్తే సంప్రదింపు కొనసాగుతూనే 100 దగ్గర ఆగుతుంది. ఈ నియంత్రణ బయటికి వెళ్లే దిశకు మాత్రమే వర్తిస్తుంది గనుక, రెండవ ఊరి స్విచ్‌లోనూ ఇదే ఏర్పాటు చేయించండి.

ప్రశ్న: సర్వీసు సంస్థ 1006వ వీల్యాన్ (ఒకే లైనులో వేరుగా నడిచే నెట్‌వర్క్) ట్యాగుతో లైను ఇస్తామన్నది. మా 3750లో ఆ వీల్యాన్ సృష్టించబోతే స్విచ్ ఒప్పుకోవడం లేదు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ‘నో స్విచ్‌పోర్ట్’ ఇచ్చిన ప్రతి పోర్టుకూ స్విచ్ తన లోపలి అవసరానికి ఒక వీల్యాన్‌ను తీసుకుంటుంది, ఆ లెక్క 1006 నుంచే పైకి సాగుతుంది. ‘షో వీల్యాన్ ఇంటర్నల్ యూసేజ్’ అని చూస్తే ఏ పోర్టు ఆక్రమించినదో తెలుస్తుంది. ఆ పోర్టును ఆపి, వీల్యాన్ సృష్టించి, తిరిగి తెరవండి. అది మరొక సంఖ్య తీసుకుంటుంది. సర్వీసు సంస్థ వేరే ట్యాగు ఇవ్వడానికి సిద్ధపడితే అంతకంటె సులువు లేదు.

ప్రశ్న: దారిలో ఎక్కడో ఫైబర్ తెగినా మా పోర్టు ‘అప్’ అనే చూపిస్తున్నది, రెండవ లైనుకు మారడం లేదు.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీ పోర్టుకు కనిపించేది మీ గదిలోని సర్వీసు సంస్థ పెట్టె మాత్రమే, అది వెలుగుతున్నంత కాలం స్టాటిక్ రూటు (చేతితో రాసిన దారి) కదలదు. ఓఎస్‌పీఎఫ్ ఉంటే, మామూలు అమరికలో 10 సెకన్లకొకసారి వచ్చే పలకరింపు 40 సెకన్లు రాకపోయినప్పుడు దారి మారుతుంది. స్టాటిక్ రూటే కావాలంటే, మీ సాఫ్ట్‌వేర్ లైసెన్సు అనుమతిస్తే, ఐపీ ఎస్ఎల్ఏ అనే పరీక్ష సదుపాయంతో అవతలి కొసకు పింగ్ పంపుతూ ఆ ఫలితాన్ని ‘ట్రాక్’ ద్వారా రూటుకు కట్టండి. రెండవ లైను మీదుగా వెళ్లే రూటుకు ఎక్కువ దూర విలువ ఇవ్వాలి (తక్కువ విలువ ఉన్న రూటునే స్విచ్ ముందు ఎంచుకుంటుంది). పింగ్ గురి మాత్రం అవతలి స్విచ్ వాన్ చిరునామాయే కావాలి, దాని వెనుక ఉన్న సర్వర్ కాకూడదు. సర్వర్‌ను గురి పెడితే రెండవ లైను మీదుగా జవాబు వచ్చి, మొదటి లైను బాగయిందని స్విచ్ భ్రమపడి, రూటు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది.