కొన్నాక కూడా మనదేనా?
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ని. 2017లో కొన్న ల్యాప్‌టాప్ విండోస్ 10తో నేటికీ చక్కగా పనిచేస్తోంది. ఉత్తరాలు, పింఛను కాగితాలు, నేను రాసుకున్న పద్యాలు అన్నీ అందులోనే ఉన్నాయి. ‘దీనికి విండోస్ 11 ఎక్కదు, కొత్తది కొనాల్సిందే’ అంటున్నారు దుకాణదారు. నిజమేనాండీ?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మాస్టారూ, దుకాణదారు చెప్పినదాంట్లో మొదటి సగం నిజమే కావచ్చు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలని, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా 8వ తరం లేదా ఆ తరవాతిది కావాలని మైక్రోసాఫ్ట్ షరతు పెట్టింది కాబట్టి, 2017 నాటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ అర్హత లేదు. రెండో సగాన్ని మాత్రం నేను ఒప్పుకోను. 2025 అక్టోబర్ 14తో ఆగిపోయినవి విండోస్ 10కు వచ్చే ఉచిత భద్రతా అప్‌డేట్లు. మీ ల్యాప్‌టాప్ ఆ మర్నాడు కూడా అంతకు ముందులాగే పనిచేసింది, ఇకముందూ పనిచేస్తుంది. అయితే కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతు అందదు గనుక, అదే స్థితిలో దాన్ని నెట్‌కు కలిపి బ్యాంకు పనులు చేయడం క్షేమం కాదు.

మీ ముందు రెండు దారులున్నాయి. ఇళ్లలో వాడేవారికి 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు అందించే పథకం ఒకటి మైక్రోసాఫ్ట్ పెట్టింది. దాన్ని ఉచితంగా పొందే మార్గాల్లో ఒకటేమిటంటే, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, మీ కంప్యూటర్ సెట్టింగులను వాళ్ల సర్వర్లలో దాచడానికి ఒప్పుకోవడం. 30 డాలర్లకు సమానమైన ధర కట్టి తీసుకోవచ్చు గానీ, అప్పుడూ ఖాతా తప్పదు. సొంత యంత్రంలో సొంత కాగితాలు పెట్టుకున్న మనిషిని ఇలా ఖాతాకు కట్టేయడం నాకు సమంజసంగా తోచదు. అయినా కొంత వ్యవధి దొరుకుతుంది కాబట్టి, ఆలోచించుకోవడానికి దాన్ని వాడుకోండి.

రెండో దారి లినక్స్ మింట్, అంటే విండోస్ స్థానంలో కంప్యూటర్‌ను నడిపే మరో ఆపరేటింగ్ సిస్టమ్. ఇది ఉచితం. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, హార్డ్‌డిస్క్‌ను ముట్టకుండానే ముందు నడిపి చూడవచ్చు. అలా నడిపినప్పుడు వైఫై కలుస్తోందా, ప్రింటరు పలుకుతోందా, శబ్దం వస్తోందా అన్నవి మీరే పరీక్షించుకోండి. కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు పద్ధతిలో టైపు చేయవచ్చు. వర్డ్ ఫైళ్లు లిబ్రెఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటాయి, పట్టికలూ పేజీల అమరికా మాత్రం అక్కడక్కడ చెదరవచ్చు. ట్యాలీలో లెక్కలు రాసేవారికి, డిజిటల్ సంతకం టోకెన్‌తో టెండర్లు వేసేవారికి ఈ దారి నేను చెప్పను, ఎందుకంటే ఆ పనులకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఎక్కువగా విండోస్‌నే నమ్ముకుని ఉంటుంది. మీ అవసరాలకు మాత్రం ఇది పూర్తిగా సరిపోతుందని నా నమ్మకం. ల్యాప్‌టాప్‌లో ఇంకా పాత తిరిగే హార్డ్‌డిస్కే ఉంటే, దాని స్థానంలో తిరిగే భాగాలు లేని, వేగమైన ఎస్ఎస్‌డీ వేయించండి. కొత్త యంత్రం కొన్నంత తేడా కనిపిస్తుంది. ఏ దారి పట్టినా, ముందు మీ పద్యాలను రెండు వేర్వేరు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించి, మరో కంప్యూటర్‌లో అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాకే మిగతా పని మొదలుపెట్టండి.

ప్రశ్న: మా అబ్బాయి స్మార్ట్ టీవీ కొన్నాడు. మనం ఏం చూస్తున్నామో టీవీ కంపెనీకి తెలుస్తుందని ఎవరో అన్నారు. ఇది పుకారా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పుకారు కాదమ్మా. తెరమీది బొమ్మను గుర్తుపట్టి ఏ కార్యక్రమం నడుస్తోందో కంపెనీకి పంపే ఏర్పాటు చాలా స్మార్ట్ టీవీలలో ఉంది. అమెరికాలో విజియో అనే సంస్థ 1.1 కోట్ల టీవీల నుంచి ఇలాంటి సమాచారాన్ని ప్రేక్షకుల అనుమతి లేకుండా సేకరించిందన్న ఫిర్యాదుపై 2017లో 22 లక్షల డాలర్లు చెల్లించింది. మీ టీవీ సెట్టింగులలో ప్రైవసీ విభాగానికి వెళ్లి, వీక్షణ సమాచారం, ప్రకటనలు అని కనిపించిన అనుమతులన్నీ తీసేయండి. సెట్‌టాప్ బాక్సులో చానళ్లు మాత్రమే చూసే ఇంట్లో టీవీకి వైఫై పాస్‌వర్డ్ అసలు ఇవ్వకపోవడమే మేలు.

ప్రశ్న: ఒక రూపాయికే వారం రోజుల ట్రయల్ అంటే పిల్లల చదువుకని ఒక యాప్ వేసుకున్నాను. నచ్చక తీసేశాను. అయినా నెలనెలా ఖాతాలో డబ్బు కోత పడుతోంది. బ్యాంకుకు వెళ్లాలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: యాప్‌ను తీసేసినంత మాత్రాన చందా రద్దు కాదు. ఈ సంగతిని ఆ యాప్‌లు పెద్ద అక్షరాలతో చెప్పవు, చెప్పకపోవడం వల్ల లాభం ఎవరికో వేరే చెప్పనక్కరలేదు. ఆ ఒక్క రూపాయి కట్టేటప్పుడు మీరు యూపీఐ పిన్ కొట్టి ఉంటే, అప్పుడే ఆటోపేకు, అంటే దానంతటదే డబ్బు పోయే ఏర్పాటుకు కూడా అనుమతి ఇచ్చి ఉంటారు. ఆ తెరమీద రూపాయి అంకె పెద్దదిగానూ, తరవాత ప్రతినెలా పోయే మొత్తం దాని కింద సన్నని బూడిదరంగు అక్షరాలలోనూ ఉంటుంది.

ఇప్పుడు చేయవలసింది ఇది. మీరు వాడే యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోటికి వెళ్తే, నడుస్తున్న అనుమతులన్నీ వరుసగా కనిపిస్తాయి. అక్కడే దాన్ని రద్దు చేయండి. చందా ప్లే స్టోర్ ద్వారా కట్టినదైతే, అందులోని సబ్‌స్క్రిప్షన్ల పేజీలో కూడా రద్దు చేయాలి. ఇలా దానంతటదే డబ్బు పోయే చెల్లింపులకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. కానీ సాధారణంగా 15,000 రూపాయలకు లోబడిన కోతకు ప్రతిసారీ ఓటీపీ అడగరు. అందుకే ఆ ముందస్తు సందేశాన్ని ప్రకటనల మెసేజీల గుంపులో కలిసిపోనీయకుండా చదవడం అవసరం.

ఇది మీ అజాగ్రత్త అని మాత్రం నేను అనను. చందాలో చేరడం ఒక్క నొక్కుతో, బయటపడడం వంద మలుపులతో ఉండేలా రూపొందించడాన్ని మన ప్రభుత్వమే తప్పుపట్టింది. 2023 నవంబర్ 30న వెలువడిన ‘డార్క్ ప్యాటర్న్స్’ మార్గదర్శకాలలో నిషేధించిన 13 రకాల మోసపు అమరికలలో చందా ఉచ్చు కూడా ఒకటి. కోత పడిన తేదీలు, స్క్రీన్‌షాట్లు సిద్ధం చేసుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. పోయిన మొత్తం చిన్నదని వదిలేయకండి, ఇలా వదిలేసేవాళ్ల లెక్క మీదే ఆ వ్యాపారం నడుస్తోంది.

ప్రశ్న: అప్‌డేట్ వేస్తే ఫోన్ నెమ్మదిస్తుందని మిత్రులు భయపెడుతున్నారు. వేయాలా, మానాలా?
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: మీ మిత్రుల భయంలో అర్థం లేకపోలేదు. బ్యాటరీ పాతబడిన కొన్ని ఐఫోన్ల వేగాన్ని అప్‌డేట్ ద్వారా తగ్గించినట్టు ఆపిల్ 2017 డిసెంబర్‌లో ఒప్పుకుంది. ఫోను ఉన్నట్టుండి ఆగిపోకుండా ఉండడానికే అలా చేశామని ఆ సంస్థ వివరణ ఇచ్చింది. కారణం ఏదైనా, కొన్నవారికి ముందే స్పష్టంగా చెప్పి ఉండవలసింది.

అయినా భద్రతా అప్‌డేట్లను ఆపవద్దు. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ను ఒక ప్రత్యేక క్రమంలో, మధ్యలో కంటికి కనబడని గుర్తు ఒకటి కలిపి, పంపితే ఐఫోన్‌లోని మెసేజ్ యాప్‌లు కుప్పకూలిపోయేవి. కోట్లమంది రాసే లిపిని ఎంత అరకొరగా పరీక్షించి ఫోన్లు అమ్ముతున్నారో అప్పుడు తెలిసింది, నాకు నేటికీ అది బాధగానే ఉంది. కానీ ఆ లోపం పోయింది కూడా ఐఫోన్‌ను నడిపే ఐఓఎస్ సాఫ్ట్‌వేర్‌కు అదే నెలలో వచ్చిన 11.2.6 అప్‌డేట్‌తోనే. కనుక భద్రతకు సంబంధించినవి వెంటనే వేయండి, పేరూ రూపూ మార్చే పెద్ద వెర్షన్లకు మాత్రం కొన్ని వారాలు ఆగి, మీ మోడల్ వాడేవారు ఏమంటున్నారో విని నిర్ణయించుకోండి.

ప్రశ్న: మాది డీటీపీ సెంటర్. ఒక సాహితీ సంస్థ పాత ప్రత్యేక సంచికలన్నీ పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. వాటిని నెట్‌లో పెట్టాలని ఇప్పుడు సంస్థ కార్యదర్శిగారు అడుగుతున్నారు. కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. ఏం చేయాలి?
– ఒక డీటీపీ ఆపరేటర్, విజయవాడ

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాలలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీదే. ఆ ఫైళ్లలో నిజానికి తెలుగు లేదు. ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల సంకేతాలు ఉన్నాయి, వాటిమీద తెలుగు బొమ్మలు గీసేది అను ఫాంటు. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అసలు రూపం బయటపడుతుంది. అందుకే ఆ పాఠంలో గూగుల్ వెతకలేకపోతుంది, చూపులేనివారికి చదివిపెట్టే సాఫ్ట్‌వేర్ చదవలేకపోతుంది. అన్ని భాషల అక్షరాలకూ ప్రామాణిక సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. అయినా 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7.0 తెలుగు యూనికోడ్‌ను సరిగా కూర్చలేకపోయింది కాబట్టి, దాని మీదే బతికిన మన అచ్చు రంగం పాత పద్ధతిలోనే ఉండిపోయింది. ఇందులో మీలాంటి ఆపరేటర్ల తప్పేమీ లేదు.

అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ముందు ఒక పేజీ మాత్రమే మార్చి, అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని చదవండి. ఒకదాని కింద ఒకటి రెండు వత్తులు వచ్చేచోట, ‘స్త్ర’, ‘క్ష్మ’ వంటివాటి దగ్గర, పొల్లు దగ్గర, మధ్యలో ఇంగ్లిషు పదాలూ అంకెలూ వచ్చినచోట తప్పులు దొర్లుతుంటాయి. ఒకేరకం తప్పు పదేపదే కనిపిస్తే దాన్ని ఒక్కసారే వెతికి మార్చేయవచ్చు, మిగతాది ప్రూఫు చదివినట్టు చదవాల్సిందే. ఆ శ్రమకు సంస్థ దగ్గర విడిగా రుసుము అడగండి, అది న్యాయమే.

ఇకమీదట కొత్త సంచికలను మొదటినుంచీ యూనికోడ్‌లోనే కూర్చండి. ఇన్‌డిజైన్ అనే పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరికను ఎంచుకుంటే తెలుగు సరిగా వస్తుంది, కానీ ఇప్పుడు దాన్ని చందా కట్టి వాడుకోవడమే తప్ప కొనుక్కునే వీలు లేదు. ఉచితంగా దొరికే స్క్రైబస్ 1.6లో కూడా తెలుగు కూర్పు సాధ్యమే, చేయి అలవాటు పడడానికి సమయం పడుతుంది. పాత సంచికలను మార్చడం పూర్తయ్యాక మూలాన్ని చెరిపేయకండి. సరిచూసిన పాఠం, పీడీఎఫ్, పేజ్‌మేకర్ ఫైలు, అప్పుడు వాడిన అను ఫాంటు నాలుగింటినీ సంచికకొక ఫోల్డరు చొప్పున పెట్టి, ఒక నకలు కార్యదర్శిగారికి ఇచ్చి, ఇంకొకటి మీ దగ్గర ఉంచండి.